చవక చక్రానికి ఉప్పుగాలి పరీక్ష

ఫిక్స్‌డ్ గేర్ సైకిల్‌కు తక్కువ ధర చక్రాల జత సరిపోతుందా? ఉక్కునూ సముద్రాన్నీ పక్కపక్కన పెట్టుకున్న విశాఖపట్నంలో ఈ ప్రశ్నకు జవాబు హబ్బు మీది మరలోనూ, చువ్వల బిగువులోనూ వెతకాలి.

ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ అంటే వెనక చక్రపు హబ్బుకు పళ్లచక్రాన్ని కదలకుండా బిగించిన సైకిల్. మామూలు సైకిల్‌కు వెనక ఫ్రీవీల్ ఉంటుంది కనుక తొక్కడం ఆపినా బండి తన వేగంతో తాను సాగిపోతుంది. ఫిక్స్‌డ్ గేర్‌లో ఆ వెసులుబాటు లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి, వాటిని కాళ్లతో వెనక్కి అదిమితే చక్రం నెమ్మదిస్తుంది. ఉక్కునగరంలోని చదునైన దారులకూ, తెల్లవారుజామున తీరం వెంబడి సాగే బీచ్ రోడ్డుకూ ఇది చక్కగా నప్పే వాహనం; కైలాసగిరి, సింహాచలం ఘాట్ల ఏటవాలుల్లో మాత్రం రైడర్ కాళ్లనూ చక్రాల నాణ్యతనూ ఒకేసారి పరీక్షిస్తుంది. పేరున్న కంపెనీల చక్రాల జత ధర ఒక మామూలు సైకిల్ మొత్తం ధరకు కొన్ని రెట్లు ఉండడం వల్ల, రంగురంగుల లోతైన రిమ్ములతో తక్కువ ధరకు దొరికే జతల వైపు కొత్తవారి చూపు మళ్లడం సహజం. అవి కొనదగినవే, అయితే సగం పని మిగిలి ఉన్న సరుకుగా వాటిని కొనాలి, ఆ మిగిలిన పనికి కూలి ముందే పక్కన పెట్టుకోవాలి.

చవక జతకు అనుకూలంగా చెప్పదగిన బలమైన మాట ఒకటుంది. గేర్ల సైకిల్‌లో వెనక హబ్బుకు కుడివైపున పళ్లచక్రాల గుత్తి చోటు ఆక్రమించడం వల్ల ఆ వైపు చువ్వలు నిటారుగా, ఎక్కువ బిగువుతోనూ, ఎడమవైపువి వాలుగా, తక్కువ బిగువుతోనూ ఉంటాయి. ఈ అసమానతే అనేక వెనక చక్రాలను ముందుగా పాడుచేస్తుంది. ఫిక్స్‌డ్ గేర్‌కు ఒకే పళ్లచక్రం కనుక హబ్బు రెండు వైపులా సమానంగా ఉంటుంది, చువ్వలన్నీ ఒకే బిగువును పంచుకుంటాయి. అందువల్ల సాధారణమైన రిమ్మూ, సాధారణమైన 32 చువ్వలూ కూడా ఇక్కడ తమ ధరకు మించిన సేవ చేయగలవు.

హబ్బు అంచున రెండు మెట్లు

చవక జతలో అన్నిటికంటే ముందు, అన్నిటికంటే ఎక్కువసేపు చూడవలసింది రిమ్ము రంగు కాదు, వెనక హబ్బు అంచు. ట్రాక్ హబ్బు అని పిలిచే అసలైన ఫిక్స్‌డ్ గేర్ హబ్బును పక్కనుంచి చూస్తే దాని అంచున రెండు మెట్లు కనిపిస్తాయి. లోపలి పెద్ద మెట్టు వ్యాసం 1.37 అంగుళాలు, అంటే సుమారు 34.8 మిల్లీమీటర్లు, దాని మీద అంగుళానికి 24 చుట్ల చొప్పున కుడి మర ఉంటుంది, పళ్లచక్రం దీని మీదికి ఎక్కుతుంది. బయటి చిన్న మెట్టు వ్యాసం 1.29 అంగుళాలు, దాని మీద ఉన్నది ఎడమ మర, అంటే మామూలు నట్టుకు వ్యతిరేక దిశలో బిగిసేది. లాక్‌రింగ్ అనే సన్నని ఉక్కు వలయం ఈ ఎడమ మర మీదికి ఎక్కి, పళ్లచక్రాన్ని బయటినుంచి అదిమి పట్టుకుంటుంది.

ఈ ఏర్పాటులోని తెలివి రైడర్ వెనక్కి అదిమినప్పుడు బయటపడుతుంది. ముందుకు తొక్కుతున్నంతసేపూ చైన్ పళ్లచక్రాన్ని బిగించే దిశలోనే లాగుతుంది, కాబట్టి చిక్కులేదు. వేగం తగ్గించడానికి పెడళ్లను వెనక్కి అదిమినప్పుడు మాత్రం అదే చైన్ పళ్లచక్రాన్ని ఊడదీసే దిశలో లాగుతుంది. 70 కిలోల మనిషి 170 మిల్లీమీటర్ల క్రాంకు మీద తన బరువంతా వెనక్కి మోపితే, ముందు 48 పళ్లు, వెనక 16 పళ్లు ఉన్న సైకిల్‌లో హబ్బు మీద దాదాపు 39 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే మెలితిప్పే బలం, పడుతుంది. ఆ బలానికి పళ్లచక్రం ఊడే దిశలో కదలబోతే, తనను ఆనుకున్న లాక్‌రింగ్‌ను కూడా అదే దిశలో ఈడుస్తుంది. లాక్‌రింగ్‌ది ఎడమ మర కనుక ఆ దిశ దానికి బిగిసే దిశ. ఒకటి ఊడబోయిన కొద్దీ రెండోది బిగిసి, రెండూ ఒకదానికొకటి అడ్డు నిలుస్తాయి.

రెండో మెట్టు లేని హబ్బుకు ఈ రక్షణ ఉండదు. మామూలు ఫ్రీవీల్ ఎక్కే హబ్బు మీది మర కూడా 1.37 అంగుళాల కుడి మరే కావడం వల్ల ఫిక్స్‌డ్ పళ్లచక్రం దాని మీదికి ఏ ఇబ్బందీ లేకుండా ఎక్కుతుంది. పెడళ్ల ఇరుసు ఉండే బాటమ్ బ్రాకెట్ తాలూకు లాక్‌రింగ్‌ది కూడా అదే కొలత కనుక అది సైతం దాని వెనకే ఎక్కుతుంది. చూడడానికి అంతా సరిగ్గా కుదిరినట్టే ఉంటుంది, కానీ రెండూ కుడి మరలే కావడం వల్ల గట్టిగా వెనక్కి అదిమిన రోజున రెండూ కలిసి ఊడి రాగలవు. ఫిక్స్‌డ్ గేర్ లోకంలో ఇలాంటి అమరికకు సూయిసైడ్ హబ్ అని పేరుపడింది. పాత రోడ్‌స్టర్ సైకిల్‌ను తక్కువ ఖర్చుతో ఫిక్స్‌డ్ గేర్‌గా మార్చాలనుకునేవారు ఎక్కువగా ఈ దారినే పడతారు కాబట్టి, ఈ విషయంలో రాజీకి చోటు లేదని స్పష్టంగా చెప్పాలి. ఒకవైపు ఫిక్స్‌డ్, మరోవైపు ఫ్రీవీల్ బిగించుకునే ఫ్లిప్-ఫ్లాప్ హబ్బుల విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరమే: ఏ అంచున రెండు మెట్లున్నాయో ఆ అంచునే ఫిక్స్‌డ్ పళ్లచక్రం ఎక్కాలి.

సరైన హబ్బు ఉన్నా బిగించే పని సరిగ్గా జరగకపోతే మర మిగలదు. పళ్లచక్రాన్ని పూర్తిగా బిగించకముందే లాక్‌రింగ్ ఎక్కిస్తే, మొదటి గట్టు ఎక్కేటప్పుడు పడే బలానికి పళ్లచక్రం మరికొంత లోపలికి బిగిసి, లాక్‌రింగ్‌కూ దానికీ మధ్య సన్నని ఖాళీ ఏర్పడుతుంది. గట్టు దిగేటప్పుడు వెనక్కి అదిమిన ప్రతిసారీ పళ్లచక్రం ఆ ఖాళీలో వెనక్కి జరిగి, తొక్కినప్పుడు మళ్లీ ముందుకు జరుగుతుంది. పళ్లచక్రం ఉక్కుది, హబ్బు ఒళ్లు అల్యూమినియంది. ఈ రెండింటి రాపిడిలో మెత్తని అల్యూమినియం మర తరిగిపోయి, చివరకు పూర్తిగా జారిపోతుంది. మర లోతు తక్కువగా, కొలత వదులుగా ఉన్న చవక హబ్బుల్లో ఈ నష్టం మరింత వేగంగా జరుగుతుంది. మర పోయిన హబ్బును బాగుచేసే మార్గం దాదాపు లేదు; చువ్వలన్నీ విప్పి కొత్త హబ్బుకు మళ్లీ అల్లవలసి వస్తుంది. అందువల్ల కొనేటప్పుడే పళ్లచక్రాన్ని గ్రీజు రాసి చేత్తో తిప్పి చూడాలి. అది చివరిదాకా మెత్తగా, ఊగిసలాట లేకుండా ఎక్కాలి. ఆ తరువాత చైన్ విప్ అనే పనిముట్టుతో పళ్లచక్రాన్ని బలంగా బిగించి, లాక్‌రింగ్ ఎక్కించి, ఒక గట్టు ఎక్కి వచ్చాక రెండింటినీ మరోసారి బిగించాలి.

జపాన్‌లో 1948లో కొకురాలో మొదలైన కైరిన్ పందేలు ఫిక్స్‌డ్ గేర్ సైకిళ్లపైనే జరుగుతాయి. ప్రజలు పందెం డబ్బు పెట్టే ఆ పోటీల్లో ఎన్‌జేఎస్ ఆమోద ముద్ర పడిన హబ్బులు, రిమ్ములు, చువ్వలను మాత్రమే అనుమతిస్తారు. చవక జతలకు అలాంటి హామీ ఏదీ లేదు కనుక, ఆ పరీక్ష బాధ్యత కొనేవారి మీదా, బిగించే మెకానిక్ మీదా పడుతుంది. మర ఎంత గట్టిదైనా, చైన్ తెగినా జారినా వెనక చక్రం మీద రైడర్‌కు అదుపు ఉండదు కాబట్టి రోడ్డు మీది ఫిక్స్‌డ్ గేర్‌కు ముందు బ్రేకు ఉండి తీరాలి. 1983 నాటి బ్రిటిష్ నిబంధనలు సైతం ఫిక్స్‌డ్ వెనక చక్రాన్ని ఒక బ్రేకుగా లెక్కించినా, ముందు చక్రానికి వేరే బ్రేకు ఉండాలనే చెబుతాయి. బ్రేకుల్లేని సైకిళ్లు పందేల ట్రాక్ అయిన వెలోడ్రోమ్‌కే పరిమితం.

చువ్వల బిగువు

సైకిల్ చక్రం బరువును మోసే తీరు బండి చక్రానికి భిన్నం. చువ్వలన్నీ ముందే బిగువుతో లాగి ఉంచినవి. భారం పడినప్పుడు నేలకు దగ్గరగా ఉన్న కొన్ని చువ్వల బిగువు తగ్గుతుంది, చక్రం తిరిగి అవి పైకి వెళ్లగానే మళ్లీ యథాస్థితికి వస్తుంది. జాబ్స్ట్ బ్రాంట్ అనే ఇంజనీరు 1981లో వెలువరించిన ‘ది బైసికిల్ వీల్’ అనే పుస్తకంలో ఈ సంగతిని లెక్కలతో వివరించాడు. చవక జతల్లో ఉండే 700సి కొలత చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు కనుక కిలోమీటరుకు దాదాపు 476 చుట్లు తిరుగుతుంది. విశాఖ నుంచి భీమిలి దాకా సుమారు 25 కిలోమీటర్లు వెళ్తే ఒక్కో చువ్వ 12 వేల సార్లు సడలి బిగుస్తుంది. మొదటి బిగువు చాలకపోతే ప్రతి చుట్టులోనూ చువ్వ పూర్తిగా వదులై, హబ్బు దగ్గరి వంపులో లోహం అలసి, ఒకనాడు తెగుతుంది. చువ్వ తెగడానికి మితిమీరిన బిగువు కంటే చాలని బిగువే ఎక్కువసార్లు కారణమవుతుంది.

చవక జతలోని అసలు లోపం ఇక్కడే ఉంది. యంత్రం మీద త్వరగా అల్లిన చక్రం నేరుగా తిరుగుతున్నట్టు కనిపించవచ్చు, కానీ దాని చువ్వల్లో కొన్ని గట్టిగా, కొన్ని వదులుగా ఉండి, ఒకదాని తప్పును మరొకటి కప్పిపుచ్చుతూ ఉండవచ్చు. ఒకే వైపు చువ్వలను వేలితో మీటితే తంబుర తీగల్లా ఒకే శ్రుతి పలకాలి. బిగువు 20 శాతం తేడా ఉంటే స్వరం దాదాపు 10 శాతం మారుతుంది కనుక అలవాటైన చెవి దాన్ని పట్టేస్తుంది. బెండు తీయడం అని మెకానిక్కులు చెప్పే పని, అంటే చువ్వను రిమ్ముకు బిగించే నిపుల్ అనే చిన్న నట్టును కీతో తిప్పి, ఒక్కో చువ్వనూ సవరించి రిమ్మును నేరుగా తిప్పడం, మన పేటల్లోని సైకిల్ షాపుల్లో తరతరాలుగా సాగుతున్న నైపుణ్యం. దానికి రెండు పనులు జోడించాలి: బిగువును చువ్వకు సుమారు 100 కిలోల స్థాయికి సమంగా తేవడం, తరువాత పక్కపక్క చువ్వల జంటలను చేత్తో గట్టిగా పిండి, వంపుల్లో దాగిన ఒత్తిడిని వదిలించడం. ఈ పని చేయించిన చవక జత, చేయించని ఖరీదైన జత కంటే ఎక్కువ కాలం నిలవగలదు.

చువ్వ పుట్టుక విశాఖకు దూరపు సంగతి కాదు. విశాఖ ఉక్కు కర్మాగారంలో ఏడాదికి 8.5 లక్షల టన్నుల సామర్థ్యంతో నెలకొల్పిన వైర్ రాడ్ మిల్లు ఉంది. మామూలు కార్బన్ ఉక్కు చువ్వలకు ముడిసరుకు ఈ తరహా చుట్టల తీగే. 5.5 మిల్లీమీటర్ల తీగను చల్లగా ఉండగానే అచ్చుల గుండా లాగి 2 మిల్లీమీటర్లకు తెస్తే, దాని పొడవు ఏడున్నర రెట్లు పెరుగుతుంది, ఆ లాగుడులోనే ఉక్కుకు అదనపు బలం వస్తుంది. చవక జతల్లో కొన్నింటికి జింకు పూసిన ఇలాంటి చువ్వలే ఉంటాయి, కొన్నింటికి స్టెయిన్‌లెస్ చువ్వలు ఉంటాయి.

చరిత్ర క్లుప్తంగా

తొలినాటి పెడల్ సైకిళ్లు దాదాపు అన్నీ ఫిక్స్‌డ్ గేర్ సైకిళ్లే. జేమ్స్ స్టార్లీ 1874లో వాలు చువ్వల అల్లికకు పేటెంటు పొందాడు, 1885లో రోవర్ సేఫ్టీ సైకిల్, 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చాయి, ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో ఫ్రీవీల్ వ్యాపించింది. మన దేశంలో 1949లో మద్రాసు దగ్గర టీఐ సైకిల్స్, 1951లో అట్లాస్, 1956లో లూథియానాలో హీరో మొదలయ్యాయి. 1933లో రేవు, 1941లో నౌకానిర్మాణ కేంద్రం, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం విశాఖను శ్రామిక నగరంగా మార్చాయి. ఆ శ్రమకు తోడు నిలిచినది వెనక 40, ముందు 32 చువ్వలున్న ఉక్కు రిమ్ముల రోడ్‌స్టర్. తెలుగు నేల మీద ట్రాక్ సైక్లింగ్‌కు 2002 జాతీయ క్రీడల సందర్భంగా ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో వెలోడ్రోమ్ ఏర్పడింది.

సముద్రం అడిగే సుంకం

తీరప్రాంతపు గాలిలోని ఉప్పు చవక చక్రాన్ని మూడు చోట్ల పట్టుకుంటుంది. మొదటిది చువ్వ: జింకు పూత తాను తరిగిపోతూ ఉక్కును కాపాడుతుంది కనుక ఆ పూతకు ఆయుష్షు ఉంటుంది, అది పోయాక తుప్పు నేరుగా ఉక్కులోకి దిగుతుంది. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న స్టెయిన్‌లెస్ చువ్వ విశాఖకు తగినది. అయస్కాంతంతో దాన్ని గుర్తించాలనుకోవడం పొరపాటు. చల్లగా లాగిన స్టెయిన్‌లెస్ కూడా అయస్కాంతానికి కొంత స్పందిస్తుంది. రెండవది నిపుల్: అల్యూమినియం నిపుల్ తేలికైనదే కానీ ఉప్పు తగిలితే చువ్వకు పట్టేసుకుని, బెండు తీసేటప్పుడు విరుగుతుంది, ఇత్తడి నిపుల్ కొన్ని గ్రాముల బరువుకు బదులుగా ఏళ్ల తరబడి తిరుగుతుంది. మూడవది బేరింగు: రబ్బరు మూత ఉన్న సీల్డ్ బేరింగు ఉప్పునీటిని చాలావరకు అడ్డుకుంటుంది, పాడైతే మార్చుకోవాలి, కప్పు, కోను, గోళీల హబ్బును ఏ మెకానిక్ అయినా విప్పి కడిగి గ్రీజు పెట్టగలడు, అయితే ఆ పని తరచుగా చేయించాలి.

బరువు గురించిన ఆందోళన మాత్రం అనవసరం. చక్రం అంచున ఉన్న బరువు వేగం పుంజుకునేటప్పుడు గరిష్ఠంగా రెండింతల ప్రభావం చూపుతుంది. చవక రిమ్ములు 300 గ్రాములు ఎక్కువ తూగినా, మనిషీ సైకిలూ కలిసిన 80 కిలోలలో దాని ప్రభావం ఒక్క శాతం కూడా కాదు. అలంకారం కోసం మరీ లోతైన రిమ్ము తీసుకుంటే సముద్రపు అడ్డగాలి ముందు చక్రాన్ని నెట్టడం అంతకంటే పెద్ద చిక్కు.

చవక చక్రాల జత వ్యర్థమని కొట్టిపారేయడం, ఖరీదైనదే క్షేమమని నమ్మడం రెండూ తొందరపాటు తీర్పులే. రెండు మెట్ల హబ్బు, స్టెయిన్‌లెస్ చువ్వలు, ఇత్తడి నిపుళ్లు ఉంటే ఆ జత విశాఖ రోడ్లకు చాలు. ఈ మూడింటిలో మొదటిది లేకపోతే ఎంత చవకకు వచ్చినా వద్దు. మిగిలిన డబ్బు రిమ్ము రంగుకు కాక, బిగువు తెలిసిన మెకానిక్‌కు న్యాయమైన కూలిగా చేరాలి. ఆ నైపుణ్యానికి గిరాకీ ఉన్నంతకాలమే తక్కువ ఆదాయం ఉన్న యువతకు ఈ సైకిల్ అందుబాటులో ఉంటుంది.

పాత రోడ్‌స్టర్‌కు కొత్త చక్రాలా?

రోడ్‌స్టర్ రిమ్ము కొలత 635 మిల్లీమీటర్లు, చవక జతలది 622. వ్యాసార్ధంలో 6.5 మిల్లీమీటర్లు తగ్గడం వల్ల పెడళ్లు నేలకు దగ్గరవుతాయి. మలుపులో పెడల్‌ను ఆపే వీలులేని ఫిక్స్‌డ్ గేర్‌లో అది నేలను తాకే ప్రమాదం పెరుగుతుంది. రిమ్ము లోపలి అంచును పట్టే కడ్డీ బ్రేకులు కొత్త రిమ్ముకు పనిచేయవు. ట్రాక్ హబ్బు వెడల్పు 120 మిల్లీమీటర్లు. ఫ్రేము వెనక చోటు దానికి సరిపోతుందో లేదో కొలవకుండా కొనరాదు.

పళ్ల లెక్క

48:16 నిష్పత్తిలో పెడల్ ఒక్క చుట్టుకు సైకిల్ సుమారు 6.3 మీటర్లు సాగుతుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగానికి కాళ్లు నిమిషానికి 66 సార్లు తిరుగుతాయి. ఘాట్ దిగుతూ 40 అందుకుంటే 106 సార్లు తిరగక తప్పదు. ఇదే నిష్పత్తిలో ఒకే కాలు ముందుంచి వెనక చక్రాన్ని జార్చే అలవాటుంటే టైరు ప్రతిసారీ ఒకే చోట అరుగుతుంది. వెనక 17 పళ్లు పెడితే ఆ అరుగుదల 17 చోట్లకు పంచుకుంటుంది. ఒక్క పన్ను మార్పుతో టైరు ఆయుష్షు పెరగడం చవక జత కొన్నవారికి దక్కే సులువైన ఆదా.