కొన్నది ఒకటి... గూట్లో నాలుగు!

పట్నంలో చిలకలూ, రంగుచేపలూ అమ్మే దుకాణాల్లో గినీపందులు కూడా దొరుకుతాయి. పేరులో పంది ఉందేగాని పందితో దీనికి చుట్టరికం లేదు. ఎలుక, ఉడుతల తెగకు చెందిన జీవి. గినీ దేశానిదీ కాదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల వాళ్లు, మనం కోళ్లను పెంచినట్టు, వేల ఏళ్లుగా దీన్ని మాంసానికి పెంచుతున్నారు. మన దగ్గర మాత్రం ఇది పిల్లల ముచ్చట. పట్నం వెళ్లినప్పుడు పిల్లలు మారాం చేస్తే ఒకటో రెండో కొనుక్కుని ఊరికి తెచ్చుకుంటారు.

"ఆడదే, ఒక్కటే కదా, బెంగ లేదు" అని దుకాణదారు భరోసా ఇస్తాడు. నెలా రెండు నెలలు గడిచాక ఓ ఉదయం గూడు తెరిస్తే ఒకటి కాస్తా నాలుగవుతుంది! కొత్తగా వచ్చినవి కళ్లు తెరవని ఎర్రటి గుడ్డులు కావు. ఒంటినిండా బొచ్చు, తెరిచిన కళ్లు, నోట్లో పళ్లు. పుట్టిన కొద్ది గంటల్లోనే పరుగులు తీస్తాయి. మర్నాటికి తల్లి పక్కన చేరి గడ్డి కొరుకుతాయి. అవి ఆ గూట్లోనే పుట్టాయంటే నమ్మడం కష్టమే.

నమ్మాక ఇంట్లో రెండు ప్రశ్నలు పుడతాయి. ఒంటరిది ఎలా ఈనింది? తల్లి నల్లగా ఉంటే పిల్ల ఎర్రగా ఎందుకుంది?

మొదటిదానికి జవాబు రోజుల లెక్కలో ఉంది. మేక అయిదు నెలలు మోస్తుంది. కుందేలు నెలకే ఈనుతుంది. గినీపంది చూడి 59 నుంచి 72 రోజులు. ఇంటికి తెచ్చి 72 రోజులు దాటకుండా ఈనితే అది చూడితోనే వచ్చిందన్నమాట. 'రెండూ ఆడవే' అని జతగా తెచ్చుకున్నవాళ్ల ఇంట్లో ఆ గడువు దాటాక ఈనితే, రెండోది ఆడది కాదు. పొదుగు చనులు చూసి ఆడా మగా తేల్చబోతే మోసపోతారు. మగదానికీ రెండు చనులు ఉంటాయి.

ఆడపిల్ల నాలుగు వారాలకే ఎదకు రావచ్చు. మగవి సాధారణంగా రెండు మూడు నెలలకు ఎదుగుతాయిగాని కొన్ని ఇంకా ముందే తయారవుతాయి. దుకాణం బోనులో తల్లీ, అన్నా, చెల్లీ అన్నీ కలిసే ఉంటాయి. మూడు వారాలు నిండగానే మగపిల్లలను వేరు చేయాలన్న నియమం అక్కడ ఎంతమంది పాటిస్తారో చెప్పనక్కరలేదు.

అసలు ప్రమాదం తల్లికి. మొదటి కాన్పు ఆరేడు నెలల వయసు లోపల జరగకపోతే దాని కటి ఎముకల మధ్య కీలు గట్టిపడిపోతుంది. ఈనే ముందు ఆ ఎముకలు వేలెడంత ఎడం కావాలి. కాకపోతే పిల్ల దారిలో ఇరుక్కుంటుంది. ఆపరేషను తప్ప మార్గం ఉండదు. అదైనా అంత చిన్న ప్రాణికి మత్తుమందు ఇచ్చి చేయడం మాటలు కాదు. అందుకే ఏడాది దాటిన ఆడదాన్ని 'ఒక్కసారి పిల్లలు పెట్టనిద్దాం' అని మగదానితో కలపడం దాని ప్రాణంతో ఆడుకోవడమే. అరగంట ముక్కినా పిల్ల బయటపడకపోతే మంత్రసాని వైద్యం చేయకుండా పశువైద్యుడి దగ్గరకు పరుగెత్తాలి. బాగా కొవ్వెక్కిన చూడి గినీపంది చివరి రెండు వారాల్లో మేత మానేసిందంటే అదీ చావు కబురే. ఇంట్లో మిగిలిన పెన్సిలిన్, అమాక్సిసిలిన్ మాత్రలు అరగదీసి పోయకూడదు. వాటివల్ల దాని పేగులు చెడి ప్రాణమే పోతుంది.

ఇంకో సంగతి. ఈనిన కొన్ని గంటల్లోనే అది మళ్లీ ఎదకు వస్తుంది. మగది పక్కనే ఉంటే ఒక చేత్తో పాలిస్తూ ఇంకో కడుపు మోయాల్సిందే. అందుకే మగదాన్ని ఈనకముందే తప్పించాలి. మనుషుల్లాగే దీని ఒంట్లోనూ సి విటమిన్ తయారు కాదు. చూడిదానికి ఆ అవసరం మరీ ఎక్కువ. పచ్చి గరికతో పాటు రోజూ కాస్త జామకాయ, కొత్తిమీర, కాప్సికం ముక్క పెడితే మంచిది.

ఇక రంగు సంగతి. చూడిగా ఉన్నప్పుడు ఎర్రపిల్లి గూటి చుట్టూ తిరిగిందని, అందుకే పిల్ల ఎర్రగా పుట్టిందని అనేవాళ్లున్నారు. కడుపుతో ఉన్న తల్లి దేన్ని చూస్తే బిడ్డకు ఆ పోలిక వస్తుందన్న మాట మనుషుల విషయంలోనూ వింటూనే ఉంటాం. ఆ మాటకు గినీపందే జవాబు చెప్పింది. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం కాజిల్, జాన్ ఫిలిప్స్ ఒక తెల్ల గినీపంది అండాశయాలు తీసేసి, నల్లదాని అండాశయాలు అతికించారు. దాన్ని తెల్ల మగదానితోనే దాటించారు. తల్లి తెలుపు, తండ్రి తెలుపు. పిల్లలు మాత్రం అన్నీ నలుపే! 1909లో వాళ్లు ఈ సంగతి ప్రకటించారు. మోసిన కడుపు రంగు పిల్లకు అంటలేదు. అండంలో ఏముందో అదే వచ్చింది.

ప్రతి గుణానికీ పిల్లకు రెండు వాటాలు వస్తాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. నలుపు వాటా ఉంటే గోధుమ వాటా దాగిపోతుంది. అలా గోధుమ వాటా దాచుకున్న నల్లవి రెండు కలిస్తే నాలుగింట ఒక పిల్ల గోధుమరంగులో పుట్టే అవకాశం ఉంది. ఒళ్లంతా ఎర్రగా ఉండే రంగూ, పొడుగు బొచ్చూ అంతే. తరాలపాటు దాగి ఉండి ఒకనాడు బయటపడతాయి. సుడుల తీరు వేరు. సుడులు చూసి ఎద్దును బేరమాడే రైతుకు ఇది ఇట్టే అర్థమవుతుంది. గినీపంది ఒంటిమీద సుడులు రావడానికి తల్లిదండ్రుల్లో ఒకరి వాటా చాలు. తల్లి నున్నగా ఉండి పిల్ల ఒళ్లంతా సుడులుంటే, దుకాణం బోనులో తండ్రి సుడులదే అయి ఉంటుంది.

తెల్ల మచ్చలను బట్టి మాత్రం తీర్పు చెప్పలేం. అమెరికా వ్యవసాయ శాఖ 1906 నుంచి అన్నాచెల్లెళ్లనే జత కట్టిస్తూ గినీపందులను పెంచింది. 1915లో ఆ పని చేపట్టిన స్యూయల్ రైట్ వాటి మచ్చలను పరిశీలించాడు. అన్ని తరాలు ఒకే రక్తమైనా ఒకటి దాదాపు తెల్లగా, ఇంకొకటి దాదాపు నల్లగా పుడుతూనే వచ్చాయి. ఏ మచ్చ ఎక్కడ పడుతుందన్నది చాలావరకు కడుపులో పిండం పెరిగేటప్పటి యాదృచ్ఛికమేనని 1920లో తేల్చాడు.

భయపడాల్సిన రంగు ఒకటుంది. నల్ల బొచ్చులో తెల్ల వెంట్రుకలు కలిసిపోయి, విభూతి చల్లినట్టు కనిపించే గినీపందులుంటాయి. తెల్లటి ఒంటిమీద చిన్న చిన్న నల్లచుక్కలు ఉండేవీ ఈ కోవలోవే. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. విడిగా వాటికి ఏ లోపమూ లేదు. అలాంటివి రెండు కలిస్తేనే చిక్కు. నాలుగింట ఒక పిల్లకు రెండు వైపుల నుంచీ అదే వాటా వస్తుంది. అది తెల్లగా పుడుతుంది. కళ్లు మరీ చిన్నవిగా ఉంటాయి, లేదా ఉండనే ఉండవు. పళ్లు వంకర. చాలావాటికి చెవుడు. ఎక్కువ భాగం పుట్టిన కొద్దికాలానికే పోతాయి. బతికినదానికి ఆ పళ్లను జీవితాంతం కత్తిరిస్తూ ఉండాలి. కొన్నిటి ఒంటిమీద ఈ గుణం నాలుగైదు తెల్ల వెంట్రుకలుగా మాత్రమే ఉండి, పొట్ట కిందో చెవి వెనకో దాగి ఉంటుంది. అందుకే తల్లిదండ్రులెవరో తెలియని దుకాణపు జంటను పిల్లల కోసం కలపవద్దని తెలిసిన పెంపకందార్లు గట్టిగా చెబుతారు.