అలసట యెరుగని చేయి

పక్షవాతము వచ్చి ఒక పక్క పడిపోయిన మనిషి యింట, మన అనకాపల్లి ప్రాంతమున, పరామర్శకు వచ్చినవారు తప్పక పలుకు మాట యొకటి కలదు: "ఆర్నెల్లలో రావలసింది వచ్చేస్తాది, ఆ తరవాత మరింక రాదు." చుట్టములు చెప్పుదురు, మందులషాపువారు చెప్పుదురు, ఒక్కొక్కప్పుడు చదువుకొన్నవారును చెప్పుదురు, విన్న రోగి నెలలు లెక్కపెట్టుకొనుచు, ఆరవనెల గడచిన మరునాడే తన చేతిపై ఆశ వదలుకొని, దానిని ఒడిలో పెట్టుకొని కూర్చుండుటకు అలవాటుపడును. ఈ మాట సగమే నిజము. మొదటి మూడు నెలలలో మెదడు తనంత తాను కోలుకొను వేగము ఎక్కువ యనుట నిజము. ఆరు నెలల పిదప ఏమియు రాదనుట నిజము కాదు. ఈ సంగతిని తేల్చుటలో వైద్యులతోపాటు ఒక యంత్రమునకును భాగము కలదు. దాని జీవితకథను చెప్పవలెనని నా తలంపు.

మెదడునకు రక్తము కొనిపోవు నాళము గడ్డచే మూసికొనిపోవుటవలననో, పగులుటవలననో అచ్చటి నాడీకణములు నిమిషముల మీద నశించుటయే పక్షవాతము. గడ్డవలన కలిగినదైనచో నాలుగున్నర గంటలలోపల దానిని కరిగించు సూదిమందు ఈయవచ్చును గనుక, మూతి వంకరపోయి మాట తడబడిన మనిషిని వెంటనే స్కానింగు గల ఆసుపత్రికి చేర్పవలెనే గాని, నాటుమందులకై ఊళ్లు తిరుగుటయు, పావురపు నెత్తుటితో మర్దనలు చేయించుటయు తగదు. అయితే అది వేరొక కథ. నేను చెప్పబోవునది ఆ గండము గడచి, ప్రాణము దక్కి, చేయి మాత్రము దక్కని వారి సంగతి: బెల్లపు మార్కెట్టులో నిన్నటిదాక దిమ్మలు మోసిన కలాసీ, కాటా పట్టిన కొలగారు, చెరకు నరికిన రైతుకూలీ, యింటిల్లిపాదికి వండిపెట్టిన ఇల్లాలు.

చచ్చిన కణములు తిరిగి బ్రదుకవు. అయినను వాని చుట్టునున్న భాగములు వాని పనిని కొంతకొంత నేర్చుకొనగలవు. 1996వ సంవత్సరమున రాండాల్ఫ్ న్యూడో అను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును స్క్విరల్ కోతులపై జరిపిన పరిశీలనను ప్రకటించిరి. చేతిని కదల్చు మెదడు భాగమున చిన్నగాయము చేసి ఊరక విడిచిన కోతులలో, గాయము తగులని చేతి ప్రాంతము కూడ క్షీణించినట్లు అంతకుముందే కనుగొని యుండిరి; చిన్న గుంటలనుండి ఆహారపు గుళికలను వ్రేళ్లతో తీసికొనునట్లు సాధన చేయించిన కోతులలో ఆ ప్రాంతము నిలిచెను, కొన్నింట విస్తరించెను కూడ. ఆ సాధన రోజునకు వందల మారులు జరిగినది. మరి మనుష్యులచే చేయించునది ఎంత? కేథరిన్ లాంగ్ అను పరిశోధకురాలును ఆమె సహచరులును 312 చికిత్సావేళలను స్వయముగా చూచి లెక్కించి 2009లో ప్రకటించిన దానినిబట్టి, పడిన చేతిచే పనికివచ్చు కదలికలు చేయించినది వేళకు సగటున 32 మారులు మాత్రమే. నేర్పరులైన చికిత్సకులు గల దేశములలోనే సంగతి ఇట్లున్నది.

ఈ లెక్క వెలువడుటకు ఇరువది యేండ్ల ముందే యంత్రమును పనికి పురికొల్పినవారు ఇద్దరు: ఐర్లండు దేశస్థుడును, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ (ఎం.ఐ.టి.)లో ఆచార్యుడునైన నెవిల్ హోగన్, బ్రెజిల్ నుండి వచ్చి ఆయనకు శిష్యుడైన హెర్మానో ఇగో క్రెబ్స్. 1989లో పని మొదలై, 1991 నాటికి యంత్రము రూపుదాల్చెను. దానికి ఎం.ఐ.టి.-మానుస్ అని పేరు పెట్టిరి.

రోబో అనగానే మనకు స్ఫురించునది కార్ల కర్మాగారములోని ఉక్కుచేయి. అది తనకు చెప్పిన తావునకు చెప్పినట్లు పోవును. దారిలో మనుష్యుని చేయి అడ్డువచ్చినను ఆగదు, వంగదు. అట్టి యంత్రమునకు పక్షవాతపు రోగి భుజమును అప్పగించినచో కీలు దెబ్బతినును. హోగన్ 1985వ సంవత్సరమున మూడు భాగములుగా ప్రకటించిన సిద్ధాంతము ఈ చిక్కును మూలమున విప్పినది. యంత్రము ఎచ్చట నుండవలెనో శాసించుటకు బదులు, బయటినుండి బలము తగిలినపుడు అది ఎంత లొంగవలెనో, ఎంత ఎదురు నిలువవలెనో శాసింపవలెనని ఆయన ప్రతిపాదించెను. ఆ ప్రకారమే ఈ యంత్రమున పళ్లచక్రముల బరువును తొలగించి, మోటార్లే నేరుగా కడ్డీలను త్రిప్పునట్లు అమర్చిరి. కావున రోగి నెట్టినచో అది తేలికగా వెనుకకు జరుగును, రోగి శక్తి చాలనపుడు మాత్రమే ముందుకు వచ్చును. బలమునకు మారుగా లొంగుబాటును యంత్రమునకు నేర్పిన ఈ ఊహయే, నా దృష్టిలో, ఈ కథయంతటిలోను గొప్పది.

అది పనిచేయు తీరును దగ్గరనుండి చూడవలెను. రోగి కుర్చీలో కూర్చుండును. నడుము వంచి ఆ ఊపుతో చేతిని తోయకుండ, రొమ్మును పట్టీలతో కుర్చీకి బిగింతురు. ముంజేతిని ఒక దొప్పలో ఆన్చి, ముడుచుకొనిపోయిన వ్రేళ్లను మెల్లగా విప్పి పిడిని పట్టింతురు. ఎదుటి తెరపై నడుమ ఒక చుక్క, దాని చుట్టును ఎనిమిది చుక్కలు. నడిమి చుక్కకు తక్కినవి 14 సెంటీమీటర్ల దూరము. ఒక చుక్క వెలుగును. రోగి దానికడకు చేతిని జరిపి మరల నడుమకు తేవలెను. ఎనిమిదింటికిని పోయివచ్చినచో 16 కదలికలు. చేయి కదలనారంభింపనిచో యంత్రము కొంతసేపు వేచియుండి, పిదప మెల్లగా తానే దారి చూపును. సగము దూరము రోగి పోగలిగినచో తక్కిన సగమునకే సాయపడును. దారి తప్పినచో పక్కనుండి మెత్తగా ఒత్తి సరిచేయును. చేతికి శక్తి వచ్చినకొలది తన సాయమును తగ్గించుకొనును. అక్షరాభ్యాసమునాడు బియ్యములో బాలుని వ్రేలు పట్టి ఓనమాలు దిద్దించు గురువు, ఆ వ్రేలికి గీత తెలిసినకొలది తన పట్టును సడలించు నేర్పే ఇది. భేదమేమనగా గురువునకు అలసట కలదు. యంత్రము ఒక గంటలో వేయికి పైగా కదలికలు చేయించియు విసుగుకొనదు. ప్రతి కదలిక యొక్క వేగమును, వంకరను, వణకును కొలిచి దాచిపెట్టును.

1994లో న్యూయార్కు రాష్ట్రపు వైట్ ప్లెయిన్సు పట్టణమున, బర్క్ పునరావాస ఆసుపత్రిలో, బ్రూస్ వోల్పే మొదలగు వైద్యుల పర్యవేక్షణమున రోగులు దీనిపై సాధన చేయ నారంభించిరి. 20 మందితో జరిగిన ఆ తొలి పరీక్ష ఫలితములు 1997లో అచ్చయినవి. ఎవరికిని హాని కలుగలేదు; భుజము, మోచేతుల కదలికలో మెరుగు జాడ కనబడెను. తరువాత మణికట్టునకు, వ్రేళ్లకు, చీలమండకు వేర్వేరు భాగములు పుట్టినవి. స్విట్జర్లండులో నడక నేర్పు లోకోమాట్ అను వేరొక యంత్రము వచ్చినది. వానిని గూర్చి ఇచ్చట విస్తరింపను.

ఎం.ఐ.టి.-మానుస్‌పై జరిగిన పెద్ద పరీక్ష 2010లో వెల్లడియైనది. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులలో 127 మందిని ఎన్నుకొనిరి. అందరును జబ్బుచేసి కనీసము ఆరు నెలలు గడచినవారు, మన యూరి మాటప్రకారము ఆశ ఉడిగినవారు. 49 మందిచే రోబోతోను, 50 మందిచే అంతే తీవ్రముగా మనుష్యుల సాయముతోను 12 వారములలో 36 మారులు సాధన చేయించిరి. 28 మందికి మామూలు చికిత్సయే జరిగినది. రోబోతో ఒక్కొక్క వేళ సుమారు 1024 కదలికలు. చేతి కదలికకు 66 మార్కులు పెట్టు ఫూగెల్-మేయర్ కొలతలో, 12 వారముల కడపట చెప్పుకొనదగిన అంతరము లేదు. 36 వారములకు మాత్రము మామూలు చికిత్స పొందినవారికన్న రోబోవారు మూడింటికి కొంచెము తక్కువ మార్కులతో ముందుండిరి. రోబోకును, తీవ్రసాధన చేయించిన చికిత్సకులకును భేదము లేకపోయెను. అరువదియారింట మూడు మార్కులు చాల స్వల్పమే. కాని ఏమియు రాదని లోకము తీర్పు చెప్పిన చేతికి అవి వచ్చినవని మరువరాదు.

యంత్రమును ప్రేమించినవారు దాని ఓటమిని కూడ చెప్పవలెను. బ్రిటనులో 770 మందితో జరిపి 2019లో ప్రకటించిన పరీక్షలో ఈ రోబోనే వాడిరి. చేతిపనిలో అనుకొన్న మెరుగు పొందినవారు రోబోవారిలో నూటికి 44 మంది, చికిత్సకులు పనులనే అభ్యాసముగా చేయించినవారిలో 50 మంది, మామూలు చికిత్సవారిలో 42 మంది. రోబోవలన కీళ్ల కదలిక కొంత మెరుగైనను ఆ మెరుగు నిత్యకృత్యములలోనికి దిగలేదు. చుక్కకు చుక్కకు నడుమ చేతిని జరుపుట వేరు, చొక్కా గుండీ పెట్టుకొనుట వేరు. నాకు దీనివలన తోచినది ఇది: ఫలమునిచ్చునది ఉక్కు కాదు, సాధన మోతాదు, ఆ మోతాదునకు పని అనే అర్థము కూడ తోడు కావలెను. అమెరికా పరీక్షలో రోబోకు సమానముగా నిలిచిన తీవ్రచికిత్స సైతము సాధారణముగా ఎచ్చటను దొరకునది కాదు. ఆ పరీక్షకొరకే కూర్చినది. గంటలకొలది ఒక రోగి ప్రక్కన కూర్చుండి వందల కదలికలు చేయించు ఫిజియోథెరపిస్టు ఏ ఊరిలో నున్నాడు?

మన దేశమున ఈ ప్రశ్నకు జవాబు కుటుంబమే యని తలచి, 14 ఆసుపత్రులలో 1250 మందితో ఒక పరీక్ష జరిపి 2017లో ప్రకటించిరి. భార్యకో కొడుకుకో అభ్యాసములు నేర్పి ఇంటికి పంపిరి. ఆరు నెలల పిదప చూడగా, నేర్పినవారిలోను నేర్పనివారిలోను మరణించినవారు, పరాధీనులైనవారు కలిసి నూటికి 47 మందే. ఈ ఫలితమును చూపి ఇంటివారిని నిందించుట అన్యాయము. అభ్యాసము పేరు నేర్పుట వేరు, వేయిమారులు చేయించుట వేరు. చెరకు గానుగ కాలమున పనికి పోవలసిన కోడలు పూటకు వేయిమారులు మామగారి చేతిని ఎట్లు కదల్చును?

అందుచేతనే చౌకయైన యంత్రములకై మన తావున జరుగుచున్న యత్నము నాకు ముఖ్యముగా తోచును. సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాదు ఐ.ఐ.టి. ఆశ్రయమున హబీబ్ అలీ స్థాపించిన బీఏబుల్ హెల్త్ సంస్థ ఆర్మ్‌ఏబుల్ అను పరికరమును నిర్మించినది. రోగి తన చేతిని జరుపుచు తెరపై ఆటలాడును, ఆటయే సాధన యగును. చిత్తూరు, నెల్లూరు ప్రాంతముల తెలుగువారు తరతరములుగా వైద్యమునకు పోవు రాయవేలూరులో, 1966 నుండి పునరావాస కేంద్రము గల క్రైస్తవ వైద్య కళాశాలవారును, మద్రాసు ఐ.ఐ.టి.వారును కలిసి ప్లూటో అను చిన్న రోబోను తయారుచేసిరి: మోటారు ఒక్కటే, దానికి పిడులు మార్చుచు మణికట్టునకు, ముంజేతికి, వ్రేళ్లకు సాధన చేయించవచ్చును. దీనిని ఉంచుటకు ఒక బల్ల చాలును. మనకు పొరుగుననే, విశాఖ చెంత పెదగంట్యాడ ప్రక్కన, 2018లో ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోనులో 270 ఎకరముల విస్తీర్ణమున వైద్యపరికరముల కర్మాగారములు వెలసియున్నవి. అనకాపల్లి 2022 ఏప్రిలు 4న జిల్లాకేంద్రమైనది. జిల్లా ఆసుపత్రి ఫిజియోథెరపీ గదిలో ఇట్టి పరికరము ఒక్కటి, దానిని దినమెల్ల నడుపు మనిషి ఒక్కడు కావలెనని అడుగుటకు మనకు హక్కు కలదు. వచ్చిన రోగికి పది నిమిషములు కరెంటు పెట్టి పంపివేయుటతో చికిత్స ముగిసినదని ఒప్పుకొనరాదు.

అంతవరకు ఇంటిలో చేయదగినది లేకపోలేదు. బల్లపై తువాలు పరచి, పడిన అరచేతిని దానిపై ఉంచి, ముందుకు వెనుకకు తోయుట రోబో చేయించు కదలికకు మిక్కిలి దగ్గరగా నుండును. ఉత్త కదలికతో నిలువక, గ్లాసును జరుపుట, కాయధాన్యము ఏరుట, తలుపుగడియ తీయుట అను పనులను కలుపవలెను. ఎన్ని మారులు చేసినది నోటుపుస్తకములో వ్రాసి, వారమున కొకమారు ఫిజియోథెరపిస్టుకు చూపవలెను. వరండా దూలమునకు కప్పీ కట్టి, మంచిచేతితో తాడు లాగి పడిన చేతిని తలపైకి ఎత్తించుట మన ఇండ్లలో విరివిగా కనబడును. అది మానవలెను. పట్టుతప్పిన భుజపు కీలును ఆ లాగుడు గాయపరచి తీవ్రమైన నొప్పిని తెచ్చును; 2016లో వెలువడిన అమెరికా వైద్యుల సూచనలును దానిని వలదనియే చెప్పుచున్నవి.