వానను బట్టి పంట, పంటను బట్టి పాడి

అనంతపురం జిల్లాలో ఏటా కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. ఎర్ర చల్కా నేలల్లో ఖరీఫ్ వేరుశనగే ప్రధాన పంట. పదును చూసుకుని జూలైలో విత్తితే మేలు. ఆగస్టు సగం దాటాక ఆశతో వేరుశనగ వేయడం కంటే ఉలవ, కొర్ర, జొన్న వంటివి వేయడమే క్షేమం. గింజ తగ్గినా పశువుకు మేత దక్కుతుంది. కదిరి పరిశోధన స్థానం రూపొందించిన కదిరి లేపాక్షి వంటి వేరుశనగ రకాలు బెట్టను కొంతవరకు ఓర్చుకుంటాయి.

ఊడలు దిగే దశ అతి కీలకం. కాయ తనకు కావలసిన కాల్షియాన్ని వేరు ద్వారా కాక నేరుగా చుట్టూ ఉన్న మట్టి నుంచే పీల్చుకుంటుంది. అందుకే 30-45 రోజుల మధ్య, నేలలో తేమ ఉన్నప్పుడు, ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయాలి. లేకుంటే తాలు కాయలు పెరుగుతాయి.

కాయ కోశాక మిగిలే కట్టె పాడి పశువులకు మంచి మేత. దాన్ని బాగా ఎండబెట్టి, వాన తగలకుండా వామి వేయాలి. బెట్టకు గిడసబారిన లేత జొన్నను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మేపకూడదు. అందులో పేరుకున్న సైనైడ్ విషం పశువును నిమిషాల్లో కూల్చేస్తుంది. పూత వచ్చాక కోసి ఎండబెడితే ముప్పు తగ్గుతుంది. మేతతో పాటు పశువు ఆరోగ్యమూ చూసుకోవాలి; గొంతువాపు టీకా తొలకరికి ముందే వేయించాలి.

పంట చివర్లో బెట్ట వస్తే కాయల్లో బూజు చేరి అఫ్లాటాక్సిన్ పుడుతుంది. అలాంటి కాయల చెక్కను దాణాలో కలిపితే ఆ విషం పాలలోకీ దిగుతుంది.