మరుగు రాయి – నేర్చుకొను యంత్రము

1756వ సంవత్సరములో స్వీడన్ దేశపు ఖనిజశాస్త్రజ్ఞుడు క్రోన్‌స్టెట్ ఒక రాతిని వేడిచేయగా అది నురుగు కట్టి మరుగుచున్నట్లు కనిపించెను. రాతిలో దాగియున్న నీరు ఆవిరియై వెలువడుటయే దీనికి కారణము. 'మరుగు రాయి' అను అర్థము వచ్చునట్లు ఆయన గ్రీకు పదములతో దానికి 'జియోలైటు' అని పేరు పెట్టెను.

జియోలైటు నిండ సన్నని సొరంగములుండును. సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ పరమాణువులే వాటి గోడలు. జడ్.ఎస్.ఎమ్.-5 అను కృత్రిమ జియోలైటులో సొరంగపు వెడల్పు సుమారు 0.55 నానోమీటరు. నానోమీటరనగా మీటరులో 100 కోట్లవ వంతు. కనుక జల్లెడవలె ఇది తగిన పరిమాణముగల అణువులనే లోనికి రానిచ్చును.

సిలికాన్ ఉండవలసిన చోట అల్యూమినియం చేరినచో అచట ఒక ధనావేశము తక్కువ పడును. ఆ లోటును తీర్చుచు, ప్రక్కనున్న ఆక్సిజన్‌ను అంటిపెట్టుకొని ఒక ప్రోటాను నిలుచును. ఈ ప్రోటానే ఆమ్లమువలె పనిచేసి పెద్ద హైడ్రోకార్బన్ అణువులు చీలుటకు తోడ్పడును. ముడి చమురులోని బరువైన భాగముల నుండి పెట్రోలు తయారు చేయుటకు 1960 తరువాతి సంవత్సరముల నుండి జియోలైటులను ఉత్ప్రేరకములుగా వాడుచున్నారు.

సొరంగములో ఈ చీలిక ఎట్లు జరుగును? కంటితో చూడజాలము, లెక్కించి తెలిసికొనవలెను. క్వాంటం సూత్రములతో లెక్కింపవచ్చును గాని, సాధారణ పద్ధతులలో పరమాణువుల సంఖ్య రెట్టింపైన శ్రమ సుమారు 8 రెట్లగును. జడ్.ఎస్.ఎమ్.-5 స్ఫటికములో మరల మరల వచ్చు ఒక్క గడిలోనే 288 సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు గలవు. వాటి కదలికను ఫెమ్టోసెకను చొప్పున అనుసరింపవలెను. ఆ లెక్కన సెకనులో 100 కోట్లవ వంతు కాలమును గమనించుటకే 10 లక్షల మార్లు గణించవలెను!

2007లో బేలర్, పారినెల్లో అను శాస్త్రజ్ఞులు ఒక ఉపాయము చూపిరి. కొన్ని అమరికలకు మాత్రమే క్వాంటం గణన చేసి, వచ్చిన శక్తి విలువలను కంప్యూటరులోని 'న్యూరల్ నెట్‌వర్క్'కు నేర్పుదురు. తక్కిన అమరికలకు అదియే అతివేగముగా జవాబు చెప్పును.

అయితే ఇచట ఒక జాగ్రత్త అవసరము. గ్రాఫులో రెండు బిందువుల నడుమ విలువను చదువుట సులభము; చివరి బిందువును దాటి గీతను పొడిగించుట ప్రమాదము. ఈ యంత్రము సంగతియు అంతే. పరమాణువులు చాలవరకు తమ స్థానములలోనే కంపించుచుండును. బంధము తెగు క్షణము అరుదు. అట్టి అమరికలను నేర్పకున్నచో యంత్రము తప్పు జవాబును సైతము తడబడక చెప్పును. 500 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, చర్య దాటవలసిన శక్తి అవరోధములో మోలుకు 10 కిలోజౌళ్ల పొరపాటు జరిగిన, చర్యావేగము సుమారు 5 రెట్లు తప్పును.

అందుచే ఒకే పాఠములతో పలు నెట్‌వర్కులకు శిక్షణ యిత్తురు. ఒక అమరికకు అవి వేర్వేరు జవాబులు చెప్పినచో, వాటికి ఆ పాఠము రాలేదని గ్రహింతురు. ఆ అమరికకు క్వాంటం గణన చేసి, దానిని పాఠములలో చేర్చి మరల నేర్పుదురు. ఇంత చేసినను, క్వాంటం గణనలో చేసికొన్న ఉజ్జాయింపుల లోపము శిష్యుడైన యంత్రమునకును సంక్రమించును. కావున తుది తీర్పు ఎప్పటివలెనే ప్రయోగశాలది.