ఏటి రాయికి మెరుగు పెడదాం

పిచ్చాటూరు వైపు నుంచి తమిళనాడులోకి వచ్చే ఆరణి ఏరు, ఊత్తుకోట, పెరియపాళయం దాటి పులికాట్ వద్ద సముద్రంలో కలుస్తుంది. నీరు తగ్గినప్పుడు ఏట్లో నున్నటి గులకరాళ్లు బయటపడతాయి. పిల్లలు జేబులో వేసుకొచ్చే అలాంటి రాయి ఒకటి లాకెట్టు కావచ్చు, బడిలో పాఠమూ కావచ్చు.

ఈ చుట్టుపక్కల రాయికి గొప్ప చరిత్ర ఉంది. పూండి దగ్గరి అత్తిరంపాక్కంలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1863లో ఆదిమానవుల రాతి పనిముట్లు గుర్తించారు. అక్కడి పాత పొరలు సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో పరిశోధకులు ప్రకటించారు. చెక్కిన గుర్తులున్న రాయి కనబడితే పిల్లలు దాన్ని కదపకుండా టీచరుకు చెప్పాలి. అరగదీస్తే ఆ ఆధారం పోతుంది.

మామూలు గులకరాయిని ముందు గాజుపై గీయించండి. గీత పడితే అది పలుగురాయి వంటి గట్టి రాయి. మోహ్స్ కొలబద్దపై పలుగురాయి గట్టిదనం 7, గాజుది సుమారు 5.5. గట్టి రాయికి రోజుల తరబడి ఓపిక కావాలి. మొదటిసారి గాజుపై గీత పడని మెత్తటి రాయి మేలు.

హార్డ్‌వేర్ షాపులో నీటితో వాడే గరుకు కాగితం దొరుకుతుంది. తమిళంలో ఉప్పుత్తాళ్ అంటారు. 220, 400, 800, 1200 నంబర్ల వరుసలో రుద్దాలి. ముందు కాగితం గీతలు పూర్తిగా పోయాకే తరువాతి నంబరు పట్టాలి. చివర తడి నూలుగుడ్డతో మెరుగు పెట్టాలి. బెజ్జం వేయడం కష్టం కనుక రాగి తీగ చుట్టి దారం కట్టవచ్చు.

ఒక్క నియమం తప్పకూడదు: రాయి, కాగితం ఎప్పుడూ తడిగా ఉండాలి. గుజరాత్‌లోని ఖంభాత్‌లో అకీకు రాళ్లకు సానపట్టే కార్మికులెందరో పొడి దుమ్ము పీల్చి సిలికోసిస్ బారిన పడ్డారు. ఆ జబ్బుకు పూర్తిగా నయం చేసే మందు లేదు. అందుకే బడిలో మోటారు సానలు వద్దు. పని అయ్యాక బల్లను తడిగుడ్డతోనే తుడవాలి.

పని జరుగుతున్నంతసేపూ గరుకు, నునుపు, అరుగుదల, సాన, మెరుగు అనే మాటలు పిల్లల నోట పలికించండి. వీధిలో, ఆటలో తమిళం వినే మన పిల్లలకు ఇలాంటి పనిమాటలు పుస్తకంలో చదివితే చాలవు. తయారైన లాకెట్టు పక్కన, రాయి ఎక్కడ దొరికింది, ఎన్ని రోజులు పట్టింది అని నాలుగు వాక్యాలు తెలుగులో రాయించి ఇంటికి పంపండి. అమ్మానాన్నలు దాన్ని పిల్లల చేతనే చదివించుకోవాలి.