ఆ ఒక్క పిన్ను లేని చోటే అసలు కిటుకు!

రాత్రి పదకొండు దాటింది. మూడు గంటలు కుస్తీ పట్టి బిగించిన పీసీ ఎట్టకేలకు ఆన్ అయింది. మానిటర్ మీద బొమ్మ కనిపించగానే ఎగిరి గంతేశా. పక్కనే కూర్చున్న అక్క తన పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, ‘ఒరేయ్ తమ్ముడూ, రేపు మధ్యాహ్నంలోగా ప్రాజెక్ట్ ఇచ్చేయాలి. ఒక్కసారి ఫైల్ ఓపెన్ చెయ్యరా’ అంది. స్టైల్‌గా క్యాబినెట్ ముందున్న పోర్టులో పెట్టాను. లైటు వెలగలేదు. కాసేపటికి కాలిన వాసన! గబుక్కున లాగితే వేళ్లు చురుక్కుమన్నాయి.

అక్క ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ రిపోర్టు గ్రాఫులతో సహా అందులోనే ఉంది.

తప్పు ఎవరిదంటే... నూటికి నూరుపాళ్లూ నాదే. బోర్డు, ప్రాసెసర్ సికింద్రాబాద్ సీటీసీలో కొత్తవి కొన్నా. నాలుగు డబ్బులు మిగుల్చుకుందామని క్యాబినెట్ మాత్రం ఫ్రెండ్ దగ్గర మూలనపడి ఉన్నది తెచ్చుకున్నా. ఈ మధ్య వచ్చే క్యాబినెట్లలో ముందు పోర్టుల వైర్లన్నీ కలిపి ఒకే ప్లగ్గు ఉంటుంది. తిరగేసి పెట్టాలన్నా దూరదు. ఆ పాతదాంట్లో మాత్రం ఒక్కో వైరుకు ఒక్కో చిన్న ప్లగ్గు. ఎనిమిది వైర్లు, ఎనిమిది ప్లగ్గులు!

అసలేం జరిగిందంటే...

యూఎస్‌బీ 2.0 పోర్టు ఒక్కోదానికి నాలుగు వైర్లు ఉంటాయి. ఎరుపులో 5 వోల్టుల కరెంటు వస్తుంది. తెలుపు, ఆకుపచ్చ డేటాకి. నలుపు గ్రౌండ్. బోర్డు మీద వీటికోసం రెండు వరుసల్లో ఐదేసి పిన్నుల చోటు ఉంటుంది. కానీ లెక్కపెడితే తొమ్మిదే! ఒక మూల పిన్ను ఉండదు. అది విరిగిపోయింది కాదు, కావాలనే వదిలేసింది. ఒక్కో వరుస ఒక్కో పోర్టుకి. పిన్ను లేని చివర నల్ల వైరు వైపు, దానికి అవతలి చివర ఎర్ర వైరు వైపు. ఇది గుర్తుంటే చాలు.

నేనేం చేశానంటే, మాన్యువల్‌లో బొమ్మను తలకిందులుగా చూశా. నలుపు ఉండాల్సిన చోట ఎరుపు, ఎరుపు ఉండాల్సిన చోట నలుపు పెట్టేశా. పెన్‌డ్రైవ్‌లోకి కరెంటు రివర్స్‌లో వెళ్లింది. మౌస్, కీబోర్డు వెనక పోర్టుల్లో ఉన్నాయి. అవి నేరుగా బోర్డుకే ఉంటాయి కాబట్టి బాగానే పనిచేశాయి. అందుకే నాకు అనుమానం రాలేదు.

మీరు బిగిస్తుంటే ఇవి చూసుకోండి

ముందు స్విచ్ ఆపి, ప్లగ్ పీకేయండి. పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు కూడా పోతుంది.

తర్వాత బోర్డు మీద రాసింది చదవండి. పిన్నుల పక్కనే యూఎస్‌బీ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఫోన్ టార్చ్ వేసి ఫొటో తీసి జూమ్ చేసుకుంటే ఇంకా ఈజీ. ఎందుకంటే ముందు ఆడియో పిన్నులు కూడా చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటాయి. దాంట్లో ఖాళీ మూలన కాకుండా, చివర నుంచి రెండో స్థానంలో ఉంటుంది. పాత బోర్డుల్లో ఫైర్‌వైర్ అని ఇంకోటి ఉంటుంది. దాంట్లో 12 వోల్టులు వస్తాయి. పొరపాటున యూఎస్‌బీ వైరు దానికి పెట్టారో, సామాను కాలిపోవచ్చు.

ఇక లావుగా, బిరుసుగా ఉండే కేబుల్ యూఎస్‌బీ 3.0ది. 2.0 స్పీడు సెకనుకి 480 మెగాబిట్లయితే దీనిది 5 గిగాబిట్లు. దీనికి 19 పిన్నులు. ప్లగ్గు మీద బొడిపె, సాకెట్‌లో గాడి ఎదురెదురుగా పెట్టి నిటారుగా నొక్కాలి. వంకరగా తోస్తే పిన్నులు వంగిపోతాయి. టైప్-సీ పోర్టుకి వేరే సాకెట్ కావాలి. అది అన్ని బోర్డుల్లోనూ ఉండదు, కొనేముందే చూసుకోండి.

అన్నీ పెట్టాక మొదట ఓ పాత మౌస్‌తో టెస్ట్ చేయండి. పోతే అదే పోతుంది. స్క్రీన్ మీద ‘ఓవర్ కరెంట్’ అని వచ్చి సిస్టమ్ ఆగిపోతుంటే, ఎక్కడో పిన్ను వంగిందో, వైర్లు తగులుతున్నాయో చూడండి.

మరి అక్క సంగతి? రెండు వారాల కిందటి కాపీ ఒకటి తన మెయిల్‌లో దొరికింది. తెల్లవార్లూ తను టైప్ చేస్తుంటే నేను గ్రాఫులు గీశా. మధ్యాహ్నం ఒంటిగంటకు రిపోర్టు ఇచ్చి వచ్చింది. నాతో మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు.

వైర్లు ఎప్పుడో సరిచేశా. ముందు పోర్టులు రెండూ చక్కగా పనిచేస్తున్నాయి. అయినా అక్క ఇప్పటికీ టేబుల్ కిందికి వంగి, తన పెన్‌డ్రైవ్‌ను వెనక పోర్టులోనే పెడుతుంది. నేనేమీ అనను.