పేగులు లోపలికి చేరాక

ఎన్నో ఏళ్ల కిందట గర్భసంచి తీయించుకున్నప్పుడు బొడ్డు కింద నిలువునా పడిన కోత. ఆ కుట్టు దగ్గర మొదట నిమ్మకాయంత ఉబ్బు కనిపిస్తుంది. దగ్గితే పైకి వస్తుంది, పడుకుంటే పోతుంది. నొప్పి లేదు కదా అని ఎవరూ పట్టించుకోరు. ఏళ్లు గడిచేకొద్దీ అది చీర కుచ్చిళ్లకు అడ్డొచ్చేంత సంచి అవుతుంది. చివరికి పడుకున్నా లోపలికి పోవడం మానేస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో హెర్నియా అనే ఈ సమస్యను ప్రత్యేకంగా మాట్లాడుకోవాల్సిన కారణం ఉంది. గర్భసంచి తీయించుకున్న మహిళల శాతంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందు వరుసలో ఉన్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. సిజేరియన్‌కు ఇప్పుడు ఎక్కువగా పెట్టే అడ్డకోతతో హెర్నియా ముప్పు తక్కువే. పొట్ట మధ్యలో నిలువుగా కోస్తే మాత్రం ఎక్కువ. అలాంటి ఆపరేషన్లు అయినవారిలో నూటికి పది నుంచి ఇరవై మందికి కుట్టు చోట హెర్నియా వస్తుందని అంచనా.

బయటికొచ్చిన పేగులను లోపలికి నెట్టి, కంత మూసి, మెష్ (వల) వేస్తే సరిపోతుందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. చిన్న హెర్నియాకు అది నిజమే. పెద్దదానికి కాదు. పేగులు ఏళ్ల తరబడి బయటి సంచిలో కాపురం పెడితే లోపల వాటి చోటు కుంచించుకుపోతుంది. పక్క కండరాలు వెనక్కి లాక్కుపోయి బిగుసుకుంటాయి. ఆపరేషన్ రోజున ఆ పేగులన్నిటినీ ఒక్కసారిగా ఇరుకు పొట్టలోకి చేర్చి మూస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి దెబ్బ ముందుగా తగిలేది కోతకు దూరంగా ఉన్న రెండు అవయవాలకు: పైన ఊపిరితిత్తులకు, వెనక కిడ్నీలకు.

ఊపిరితిత్తుల సంగతి తేలిగ్గానే అర్థమవుతుంది. పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే డయాఫ్రం కిందికి దిగితేనే గాలి లోపలికి వస్తుంది. కింద పేగులు కిక్కిరిసి ఉంటే అది దిగలేదు. ఊపిరితిత్తుల అడుగుభాగంలోని గాలిగదులు ముడుచుకుపోతాయి. కోత నొప్పికి భయపడి రోగి గట్టిగా దగ్గడు, కఫం అక్కడే నిలిచిపోతుంది, న్యుమోనియాకు దారి పడుతుంది. అందుకే మత్తుడాక్టరు పొట్ట మూయకముందు, మూసిన తర్వాత వెంటిలేటర్ చూపే ఒత్తిడిని పోల్చి చూస్తారు. ఆ తేడా బాగా ఎక్కువగా ఉంటే రోగిని వెంటనే లేపకుండా ఆ రాత్రికి వెంటిలేటర్ మీదే ఉంచడం మేలు. అది చూసి ఇంట్లోవాళ్లు కంగారుపడిపోతారు. చాలాసార్లు అది ముందే ఆలోచించి తీసుకున్న జాగ్రత్త. ఆ మాట ఆపరేషన్‌కు ముందే చెప్పడం డాక్టర్ల బాధ్యత.

కిడ్నీలది మరింత లోతైన వ్యవహారం. పొట్ట ఒత్తిడి పెరిగితే మూత్రం తగ్గుతుందని జర్మనీలో వెంట్ అనే వైద్యుడు 1876లోనే రాశాడు. 1947లో అమెరికాలో స్టాన్లీ బ్రాడ్లీ, జెరాల్డిన్ బ్రాడ్లీ మనుషుల పొట్ట మీద బయటినుంచి ఒత్తిడి పెట్టి, కిడ్నీలకు చేరే రక్తమూ, వాటి వడపోతా రెండూ పడిపోవడం చూపించారు. కిడ్నీ నుంచి రక్తాన్ని తీసుకుపోయే సిరల గోడలు పలుచన. ఒత్తిడికి అవి నొక్కుకుపోతాయి. కిడ్నీలోకి వచ్చిన రక్తం బయటికి పోలేక నిలిచిపోతుంది. పైగా పొట్టలోని పెద్ద సిర కూడా నొక్కుకుపోయి గుండెకు తిరిగి చేరే రక్తం తగ్గుతుంది. ఒత్తిడి పాదరసం లెక్కలో 15 మిల్లీమీటర్లకు చేరేసరికే మూత్రం తగ్గడం మొదలవుతుంది. 30 దగ్గర దాదాపు ఆగిపోతుంది.

మంచం పక్కన వేలాడే యూరిన్ బ్యాగు మీద గీతలుంటాయి. నర్సు గంట గంటకూ వంగి చూసి రాసుకునేది ఆ అంకెనే. 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్ల కంటే తక్కువగా ఆరు గంటలపాటు వస్తే కిడ్నీ దెబ్బతింటోందని అర్థం. కిడ్నీలు వడకట్టాల్సిన క్రియాటినిన్ రక్తంలో 48 గంటల్లో 0.3 మిల్లీగ్రాములు పెరిగినా అంతే. ఇక్కడ ఒక చిక్కుంది. మూత్రం తగ్గగానే ఒంట్లో నీరు తగ్గిందేమోనని సెలైన్ మీద సెలైన్ ఎక్కిస్తే, అసలు కారణం ఒత్తిడే అయినప్పుడు పేగులు ఉబ్బి ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. మూత్రం తగ్గింది నీరు తక్కువవడం వల్లా, పొట్ట బిగువు వల్లా అని తేల్చుకోవడానికి తేలికైన పద్ధతే ఉంది. మూత్రపు గొట్టం (కేథటర్) గుండా ఖాళీ మూత్రాశయంలోకి 25 మిల్లీలీటర్ల సెలైన్ పంపి, దాని ద్వారా పొట్టలోని ఒత్తిడిని కొలుస్తారు. 12 దాటి నిలిస్తే అప్రమత్తం కావాలి. 20 దాటి నిలిచి, కొత్తగా ఏ అవయవమైనా మొరాయిస్తే అది ప్రాణాపాయం, పొట్టను మళ్లీ తెరవాల్సి రావచ్చు. అంత దూరం వెళ్లేవారు తక్కువే. సరిగ్గా సిద్ధం చేసిన రోగుల్లో కొద్దిగా పెరిగిన ఒత్తిడి ఎక్కువగా ఒకటి రెండు రోజుల్లో దానంతటదే దిగుతుంది.

ఆ సిద్ధం చేయడంలోనే అసలు పనంతా ఉంది. సీటీ స్కాన్‌లో బయటి సంచి ఎంత, లోపలి చోటు ఎంత అని కొలుస్తారు. బయటిది లోపలి చోటులో పావు వంతు దాటితే నేరుగా ఆపరేషన్‌కు పోకూడదని చాలామంది సర్జన్ల అభిప్రాయం. అర్జెంటీనా సర్జన్ ఇవాన్ గోన్యి మొరేనో 1940ల్లోనే దీనికో దారి చూపాడు. సన్నని గొట్టంతో రోజూ కొంచెం కొంచెం పొట్టలోకి గాలి ఎక్కించి, రెండు మూడు వారాల్లో చోటు పెంచడం. భుజం నొప్పి, ఆయాసం కాస్త ఉంటాయి కానీ డయాఫ్రం ఆ ఒత్తిడికి ముందే అలవాటు పడుతుంది. మెక్సికోలో ఇబారా హుర్తాదో బృందం 2009లో ఇంకో మార్గం ప్రచురించింది. ముఖం ముడతలకు వాడే బొటాక్స్‌నే పొట్ట పక్క కండరాల్లోకి ఎక్కిస్తారు. కొన్ని వారాలకు అవి వదులై సాగుతాయి. అప్పుడు మధ్యలో కలిపి కుట్టడం తేలిక.

సిగరెట్, బీడీ కనీసం నాలుగు వారాల ముందు మానాలి. షుగర్ అదుపులోకి రావాలి, బరువు తగ్గాలి. మూడు బంతుల స్పైరోమీటర్‌తో ఊపిరి సాధన ఆపరేషన్ తర్వాత కాదు, ముందే మొదలవ్వాలి. గాలి లోపలికి పీల్చినప్పుడు 600 గీత దగ్గరి బంతి ఒక్కటే లేస్తోందా, 900, 1200వి కూడా లేస్తున్నాయా అన్నది రోగి తన కళ్లతోనే చూసుకోవచ్చు. ఈ వారాలను ఆలస్యం కింద లెక్కేసి, 'రేపే చేసేయండి' అని ఒత్తిడి చేసే కుటుంబాలున్నాయి. పేగు ఇరుక్కుని వాంతులు, తీవ్రమైన నొప్పి వస్తే తప్ప ఆ తొందర రోగికే చేటు.

కిడ్నీ పరీక్షలూ ముందే జరగాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చే రోగి విషయంలో ఇది ఇంకా ముఖ్యం. అక్కడ షుగర్, బీపీ లేనివారి కిడ్నీలు కూడా బయటికి తెలియకుండానే దెబ్బతింటున్నాయి. ఒళ్లునొప్పులకు మందుల షాపులో కొనే, కిడ్నీలకు హాని చేయగల డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ అలవాటుంటే ఆ మాట డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

ఊపిరి విషయంలో మంచి కబురు కూడా ఉంది. పెద్ద హెర్నియా సరిచేయించుకున్నవారిని డెన్మార్క్ సర్జన్లు ఏడాది తర్వాత పరీక్షిస్తే, గాలిని బలంగా బయటికి ఊదే శక్తి పెరిగింది. దగ్గడానికి బలమిచ్చే పొట్ట కండరాలు మళ్లీ మధ్యలో కలవడమే కారణం. ఇంటికి వెళ్లాక మాత్రం కొన్ని వారాలు బరువులెత్తకూడదు. నొప్పికి పారాసిటమాల్‌తో సరిపోతుందేమో డాక్టరును అడగాలి. ఆసుపత్రిలో క్రియాటినిన్ పెరిగి ఉంటే, మామూలు స్థాయికి దిగిందో లేదో డిశ్చార్జి తర్వాత మరోసారి రక్తపరీక్ష చేయించుకుని చూసుకోవాలి.